కొటేషన్‌లో కొట్టేసిన గ్రాఫిక్స్ కార్డు: ఒక హోమ్ స్టూడియో కేస్ స్టడీ

2025 మే మొదటి వారంలో వాట్సాప్‌లో ఒక కొటేషన్ ఫోటో వచ్చింది. పంపింది జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో ఉండే తమ్ముడు. జానపద పాటలు రాస్తాడు, భార్యతో కలిసి పాడతాడు, యూట్యూబ్‌లో పెడతాడు. ఫోటో వెనకే వాయిస్ మెసేజ్: "అన్నా, షాపాయన గిది తీస్కోమంటుండు. స్టూడియోకు మస్తు పనిజేస్తదట. నువ్వేమంటవు?"

నా పని మిక్సింగ్, అంటే రికార్డు చేసిన గొంతులు, వాయిద్యాలు కలిపి పాటగా కూర్చడం. దాంతో పాటు తెలిసినవాళ్లకు ఇంట్లో రికార్డింగ్ సెటప్‌లు పెట్టి ఇస్తుంటాను. ఇలాంటి కొటేషన్లు నెలకు రెండు మూడు వస్తాయి. ఇది అచ్చం వాటిలాగే ఉంది. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, లోపల రంగు లైట్లు తిరిగే గాజు క్యాబినెట్, 24 అంగుళాల మానిటర్. మొత్తం 57,500 రూపాయలు. మొగుడూపెళ్లాలు కూడబెట్టుకున్నది 60,000. ఇది కొంటే మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), హెడ్‌ఫోన్ అన్నిటికీ కలిపి చేతిలో మిగిలేది 2,500.

ఆ లిస్టులో ముందుగా నా కన్ను పడింది 12400 పక్కనున్న 'ఎఫ్' మీద. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు. మానిటర్‌లో బొమ్మ రావాలంటే విడిగా కార్డు కొనక తప్పదు. ఎఫ్ లేని 12400 తీసుకుంటే బొమ్మ దానంతటదే వస్తుంది, కార్డు ఖర్చు మొత్తం మిగులుతుంది. షాపతను మోసం చేశాడని అనను. అతని దగ్గరికి రోజూ వచ్చేది గేములాడే పిల్లలు, వాళ్లకు ఆ లిస్టు సరిపోతుంది. పాటకు మాత్రం గ్రాఫిక్స్ కార్డు చేసిపెట్టేది దాదాపు ఏమీ లేదు. కొటేషన్ మీద ఎర్ర గీత గీసి తిప్పి పంపాను.

మొదట పాట సంగతి

"కంప్యూటర్ తర్వాత చూద్దాం తమ్మీ, ముందు మీ పాట ఎట్ల తయారైతదో చెప్పు" అని అడిగాను. అరగంట మాట్లాడాక తేలింది ఇదీ. ఒకేసారి తెరిచేవి ఎక్కువలో ఎక్కువ రెండు మైకులు: ఇద్దరూ కలిసి పాడినప్పుడు, లేదా ఒకరు పాడుతూ ఒకరు డోలక్ వాయించినప్పుడు. డప్పు, డోలక్, గజ్జెలు ఒక్కొక్కటే విడిగా రికార్డు చేస్తారు. కీబోర్డు, రిథమ్ కరీంనగర్‌లో ఒకతను వాయించి ఫైళ్లు పంపుతాడు. ఫ్లూటు కావాలంటే హైదరాబాద్ నుంచి, అదీ ఫైలుగానే వస్తుంది. అన్నీ కలిపితే పాటకు 25 నుంచి 35 ట్రాకులు, అంటే విడివిడి రికార్డింగులు. ఇప్పటిదాకా గొంతు ఇవ్వడానికి కరీంనగర్ స్టూడియోకు పోయి వస్తున్నారు. గంట లెక్కన బిల్లు కాబట్టి టెన్షన్‌లో గొంతు బిగుసుకుపోతుందని తమ్ముడి భార్య, ఆ చెల్లె, చెప్పింది. నా దృష్టిలో ఇంట్లో స్టూడియో పెట్టుకోవడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు.

పాత పాట ఒకదాని ట్రాకులన్నీ తెప్పించుకున్నాను. నా గదిలో మూలన పడి ఉన్న ఐ5-6500 కంప్యూటర్ తీశాను. 2015లో వచ్చిన ప్రాసెసర్, నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 31 ట్రాకులు పరిచి, ప్రతిదానికీ ఒక ఈక్యూ (బేసు, ట్రెబుల్ సరిచేసేది), ఒక కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులు తగ్గించేది) పెట్టి, అన్నిటికీ కలిపి మూడు రివర్బ్‌లు (హాలులో ప్రతిధ్వని లాంటివి), ఒక డిలే పెట్టాను. బఫర్ 512 (బఫర్ అంటే ఏమిటో కింద చెప్తాను). సీపీయూ (ప్రాసెసర్) వాడకం ముప్పై శాతం దాటి కొంచెం పైకి వెళ్లి అక్కడే ఆగింది. పదేళ్ల కంప్యూటర్ వాళ్ల పాటను చెమట పట్టకుండా మోసింది. ఆ తర్వాత వయొలిన్ల శాంపిల్ లైబ్రరీ (ముందే రికార్డు చేసి పెట్టిన స్వరాల గుట్ట) ఒకటి తెరిచేసరికి మాత్రం ర్యామ్ నిండిపోయి, మౌసు కూడా కదలనని మొండికేసింది. అంటే ఇబ్బంది ర్యామ్ దగ్గర వస్తుంది, ప్రాసెసర్ దగ్గర కాదు. ఇది కొనకముందే తెలియడం మంచిదయింది.

డిస్కు మీద పడే బరువు ఇంకా తక్కువ. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో (అంటే సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 24 బిట్లలో రాస్తే) ఒక మోనో ట్రాకు సెకనుకు 144 కిలోబైట్లు తింటుంది. నిమిషానికి 8.64 ఎంబీ. ఐదు నిమిషాల పాట, ముప్పై ట్రాకులు అనుకుంటే దాదాపు 1.3 జీబీ. ముప్పై ట్రాకులూ ఒక్కసారి మోగినా డిస్కు ఇవ్వాల్సింది సెకనుకు నాలుగైదు ఎంబీ, అంతే. పాత హార్డ్ డిస్క్ కూడా ఆ పని చేస్తుంది. ఎస్ఎస్‌డీ కావాలనడానికి కారణాలు వేరు: శాంపిల్ లైబ్రరీలు తొందరగా తెరుచుకుంటాయి, గిర్రుమనే చప్పుడు ఉండదు. యూఎస్‌బీ విషయమూ ఇంతే. రెండు మైకుల ఆడియోకు సెకనుకు రెండున్నర మెగాబిట్లు కూడా పట్టదు. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 480 మెగాబిట్లు. "టైప్-సీ పోర్టు లేకపోతే రికార్డింగ్ మంచిగ రాదట గదా" అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఈ లెక్కే.

అయితే ఖరీదైన కంప్యూటర్‌లో కూడా టిక్కు టిక్కుమని చప్పుళ్లు ఎందుకొస్తాయి? తమ్ముడు ఇదే అడిగాడు. పెళ్లిలో బంతి భోజనాలను గుర్తు తెచ్చుకోమన్నాను. ఆకులో అన్నం అయిపోకముందే వడ్డించేవాడు మళ్లీ రావాలి. ఆ ఆకులో అన్నమే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల (కొలతల) బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లకు సరిపడా అన్నం. కంప్యూటర్ ప్రతి 2.7 మిల్లీసెకన్లకూ ఒకసారి తప్పకుండా వచ్చి వడ్డించాలి. వడ్డించేవాడు ఎంత బలశాలైనా, మధ్యలో ఎవరో పిలిచి మాటల్లో పెడితే ఆకు ఖాళీ అవుతుంది. మనకు వినిపించే టిక్కు ఆ ఖాళీ ఆకే. మాటల్లో పెట్టేవాళ్లెవరంటే వైఫై డ్రైవరు (వైఫైని నడిపే ప్రోగ్రాము), గ్రాఫిక్స్ డ్రైవరు, కరెంటు ఆదా చేయాలని ప్రాసెసర్‌ను నిద్రపుచ్చే సెట్టింగులు. బఫర్‌ను 1024కు పెంచితే 21 మిల్లీసెకన్ల అన్నం ఒకేసారి పడుతుంది, టిక్కులు పోతాయి. కానీ పాడేవాళ్లకు హెడ్‌ఫోన్‌లో తమ గొంతు ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతుంది.

ఎంత ఆలస్యమైతే ఇబ్బంది అంటే, శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే డప్పు వాయించేవాడు పదకొండు అడుగుల దూరంలో నిలబడ్డట్టు. బతుకమ్మ ఆటలో అంతకంటే దూరం నుంచి పాట అందుకుంటారు కదా. తాళానికి అది అడ్డు రాదు. సొంత గొంతు విషయంలో మాత్రం చెవి అంత ఉదారంగా ఉండదు, అందుకు వేరే ఉపాయం ఉంది, తర్వాత చెప్తాను.

ఏది కొనాలి

నా ముందున్న దారులు నాలుగు. షాపు లిస్టును ఎఫ్ లేకుండా, కార్డు లేకుండా, మామూలు క్యాబినెట్‌తో కట్టించడం. 40,000 చిల్లర అవుతుంది. కంప్యూటర్‌గా తప్పు పట్టేందుకేమీ లేదు, కానీ మైకు సగానికి సగం చవకది అవుతుంది.

యాపిల్ మ్యాక్ మినీ, ఎం4 చిప్‌ది. 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజి ఉన్నది అప్పట్లో 59,900 రూపాయలు. చప్పుడు లేదు, వేడి లేదు, ఆడియో డ్రైవర్ల తలనొప్పి చాలా తక్కువ. లక్ష రూపాయల బడ్జెట్‌తో వచ్చినవాళ్లకు రెండో మాట లేకుండా అదే చెప్తాను. ఇక్కడ మానిటర్, కీబోర్డు, మౌసు, మైకు అన్నీ ఇంకా కొనాలి. పైగా కొన్నాక ర్యామ్ పెంచుకోలేం.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. కరెంటు పోయినా బ్యాటరీ ఉంటుందని తమ్ముడికి దీని మీద మనసుంది. నాకు లేదు. నాలుగైదేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌ను మే ఎండలో, ఫ్యాన్ ఆపేసిన గదిలో పెడితే అది తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది, లోపలి చిన్న ఫ్యాను ఈల వేస్తుంది. ఆ ఈల మైకుకు రెండడుగుల దూరంలో.

ఇక నాలుగోది ఆఫీసుల నుంచి వచ్చే రిఫర్బిష్డ్, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మే, డెస్క్‌టాప్. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి. కంపెనీలు కొన్నేళ్లు వాడి కొత్తవి కొన్నప్పుడు ఇవి వందల్లెక్కన మార్కెట్‌లోకి వస్తాయి. రోజంతా నడవడానికి కట్టినవి, చాలావాటికి విండోస్ లైసెన్సు మదర్‌బోర్డులోనే ఉంటుంది. నేను దీనికే ఓటేశాను. అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కంటే పాతది వద్దన్నాను. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ అప్పటికే చెప్పేసింది. అందుకే ఆరో తరం, ఏడో తరం కంప్యూటర్లు అప్పుడు ఎనిమిది, తొమ్మిది వేలకు కుప్పలుగా దొరికాయి. కొందరు వాటిలో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి అమ్ముతారు. ప్రాసెసర్ నంబరులో తరం చూడకుండా డబ్బులివ్వొద్దు (ఐ5-8500 అయితే గీత తర్వాతి 8 అంటే ఎనిమిదో తరం).

అందులోనూ పుస్తకమంత చిన్న పెట్టెలు ముద్దొస్తాయి. వాటిలో ఉండేది ఎక్కువగా చివర 'టి' ఉన్న ప్రాసెసర్. ఐ5-8500 అయితే 65 వాట్లు, 3 గిగాహెర్ట్జ్ నుంచి 4.1 దాకా పోతుంది. 8500టి 35 వాట్లది, 2.1 నుంచి 3.5 దాకా. కోర్లు రెండిటికీ ఆరే. కానీ ఒక గొంతు ట్రాకు మీద వరసగా ఆరేడు ప్లగిన్లు (ఈక్యూ, కంప్రెసర్ లాంటివి) పెడితే ఆ వరస మొత్తాన్ని ఒక్క కోరే మొయ్యాలి, పక్క కోరు చెయ్యి వెయ్యలేదు. అందుకని పాట పనిలో ఒక్కో కోరు వేగానికి విలువ. చిన్న పెట్టెలో ఫ్యాను కూడా చిన్నది, కాబట్టి దాని కూత సన్నగా ఉండి చెవికి తగులుతుంది. ఒక సైజు పెద్దదే తీసుకుందామన్నాను.

పార్క్ లేన్‌లో ఒక పూట

తమ్ముడు బస్సెక్కి వచ్చాడు. ఇద్దరం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయాం. నా సంచిలో ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక చిన్న కేబులు, ఒక పెన్ డ్రైవ్. షాపులో కుర్రాడు ఇంటర్‌ఫేస్‌ను చూసి ఇదేం సెట్‌టాప్ బాక్సు అని అడిగాడు.

ఒకే మోడలు ఐ5-8500 పెట్టెలు మూడు తీయించాను. అరగంట చొప్పున నడిపించి చూస్తానంటే ఓనరు ముఖం చిట్లించాడు గానీ, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కావడంతో సరేనన్నాడు. మొదట ప్రాసెసర్ మీద ఇరవై నిమిషాలు పూర్తి బరువు. ఒకటి 90 డిగ్రీలకు దగ్గరగా పోయింది, మిగతా రెండూ 75 దగ్గర ఆగాయి. వేడెక్కినదానిలో థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూత) ఎండిపోయి సుద్దలా రాలింది, అది పెద్ద దోషం కాదు, వందా రెండొందల పని. తర్వాత లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాము పదిహేను నిమిషాలు నడిపాను. వడ్డించేవాణ్ని ఎవరు మాటల్లో పెడుతున్నారో పేరుతో సహా చెప్పేది అదే. ఒక పెట్టెలో వైఫై కార్డు ఉంది, ఆ డ్రైవరు దగ్గర ఎర్ర గీతలు లేచాయి. కార్డును ఆపేస్తే చల్లబడ్డాయి. చివరికి ఇంటర్‌ఫేస్ తగిలించి, దాని అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు కేబులు వేసి శబ్దం పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాను. 128 బఫర్ దగ్గర 9.6 మిల్లీసెకన్లు. 64 దగ్గర అక్కడక్కడా టిక్కులు. ఈ ధరకు అంతకంటే ఆశపడలేం.

వైఫై లేని పెట్టె తీసుకున్నాం. 14,500. అందులో ఉన్న 8 జీబీ ర్యామ్‌కు జతగా ఇంకో 8 జీబీ, 1,600. కొత్త 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 3,100. పాత మానిటర్ ఒకటి 3,000. కంప్యూటర్ కింద అయింది మొత్తం 22,200. ఒకటి ముందే చెప్పాను తమ్ముడికి: ఇలాంటి ఆఫీసు పెట్టెల్లో పవర్ సప్లై, మదర్‌బోర్డు ఆ కంపెనీ కొలతలవే ఉంటాయి. పోతే బయట దొరికే మామూలువి పట్టవు, పెద్ద కార్డులు లోపల దూరవు.

షాపు కుర్రాడు పోతూ పోతూ, పాటల సాఫ్ట్‌వేర్ అన్నీ ఫ్రీగా ఎక్కించి ఇస్తానన్నాడు. వద్దన్నాను. తాళం పగలగొట్టిన ప్లగిన్లతో పాటు ఏమేం లోపలికి వస్తాయో ఎవరికీ తెలీదు. మిక్సింగ్ మధ్యలో అది కూలిపోతే అడిగేందుకు దిక్కుండదు. రీపర్ అరవై రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు. నచ్చితే సొంతానికి, చిన్న వ్యాపారాలకు ఇచ్చే తక్కువ ధర లైసెన్సు 60 డాలర్లు. దానితో వచ్చే ఈక్యూ, కంప్రెసర్ చూడ్డానికి ఇనుప సామాన్ల కొట్టులా ఉంటాయి గానీ పని మాత్రం చక్కగా చేస్తాయి.

ఊళ్లో

ఇక్కడిదాకా అంతా నేననుకున్నట్టే జరిగింది. నా తప్పులు ఊరికి పోయాకే మొదలయ్యాయి.

ఆ ఆదివారం నేనే వెళ్లి బిగించాను. పదిన్నరకు డోలక్ రికార్డు చేశాం, శుభ్రంగా వచ్చింది. సాయంత్రం బస్సెక్కాను. రాత్రి తొమ్మిదికి ఫోను: "అన్నా, టిక్కు టిక్కుమంటుంది, రెండు టేకులు ఖరాబైనయ్." నేను చూసినప్పుడు లేనిది ఎక్కణ్నుంచి వచ్చింది? గంటసేపు ఫోనులోనే సెట్టింగులన్నీ తిరగేశాం. పవర్ ప్లాను హై పెర్ఫార్మెన్స్‌లోనే ఉంది, యూఎస్‌బీని నిద్రపుచ్చే సెట్టింగు ఆపేసే ఉంది. చివరికి వెనక ఏమేం తగిలించి ఉన్నాయో ఫోటో తీసి పంపమన్నాను. యూఎస్‌బీ పోర్టులో వేలిగోరంత వైఫై డాంగిల్ మెరుస్తోంది. నేను పోగానే, పాట అప్‌లోడ్ చేయాలి కదా అని జగిత్యాల నుంచి తెప్పించుకున్నారు. వైఫై లేని పెట్టె అని వెతికి మరీ కొన్నాను గానీ, ఇంటర్నెట్ ఎట్లా అని వాళ్లను ఒక్కసారి కూడా అడగలేదు. డాంగిల్ పీకితే టిక్కులు పోయాయి. ఇప్పుడు అప్‌లోడ్ అవసరమైనప్పుడు ఫోనును కేబులుతో తగిలించుకుంటారు, రికార్డింగ్‌కు ముందు తీసేస్తారు.

రెండోది ఇంతకంటే పెద్దది. ఆ చెల్లె ఫోనులో, "అన్నా, మైకు మూతికి తాకితె చిర్రుమంటుంది" అంది. కండెన్సర్ మైకుకు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీద తమ్ముడి అనుమానం. ఫాంటమ్ అంటే దయ్యమని ఎవరో చెప్పారట, దయ్యం కరెంటు కొడుతుందని ఇంట్లో నవ్వులాట. నాకు నవ్వు రాలేదు. ఫాంటమ్ పవర్ అలా కొట్టదు. కంప్యూటర్ పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి, వాటి గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ క్యాబినెట్ లోహంలోకి కారుతుంటుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ నుంచి యూఎస్‌బీ కేబులు పైతొడుగు, అక్కణ్నుంచి ఇంటర్‌ఫేస్, మైకు కేబులు, మైకు జాలీ, చివరికి పాడే మనిషి పెదవి. మరుసటి ఆదివారం మల్టీమీటర్ పట్టుకుని పోయాను. క్యాబినెట్‌కూ నేలకూ మధ్య 100 వోల్టులకు పైనే చూపించింది. సాకెట్ విప్పితే ఎర్త్ రంధ్రం వెనక పచ్చ వైరు కత్తిరించి మడత పెట్టి ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచీ అంతే. అంటే ఎర్త్ అనేది ఆ ఇంట్లో ఒక రంధ్రం మాత్రమే.

కంప్యూటర్ లోపల మిల్లీసెకన్లు లెక్కబెట్టినవాణ్ని, మొదటిసారి పోయినప్పుడు సాకెట్ చూడలేదు. ఇప్పుడు ఎవరింటికి పోయినా సంచిలోంచి ముందు బయటికొచ్చేది మల్టీమీటరే.

ఊరి ఎలక్ట్రీషియన్‌తో పెరట్లో గొయ్యి తవ్వించి, ఎనిమిదడుగుల జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పోయించాం. వైరుతో కలిపి 3,200. చిర్రుమనడం ఆ సాయంత్రమే ఆగింది. నేను ఎదురుచూడనంతగా హమ్ (వెనక వినిపించే కరెంటు గుయ్యిమనడం) కూడా తగ్గింది: మీటరులో -54 డెసిబెల్స్ దగ్గర కూర్చున్న నాయిస్ -70 కిందికి పడింది. హమ్ తగ్గాలంటే ప్లగ్గులో మూడో పిన్ను పీకేయమని చెప్పేవాళ్లు మన ఫీల్డులో ఇంకా ఉన్నారు. ఎర్త్ లేని ఇంట్లో తడి కాళ్లతో, చేతిలో లోహపు మైకు పట్టుకుని నిలబడే మనిషికి చెప్పాల్సిన మాట కాదది.

మూడో సమస్య వేడి, చప్పుడు. మధ్యాహ్నం గది నలభై డిగ్రీలు. రికార్డింగ్ కోసం సీలింగ్ ఫ్యాన్ ఆపితే కంప్యూటర్ ఫ్యాన్ అందుకుంటుంది. దుప్పట్లు కప్పిన అడ్డం పెట్టి చూశాం, పెట్టెకు గాలి ఆడక ఫ్యాన్ మరింత హోరెత్తింది. చివరికి గోడకు స్విచ్ బోర్డు పక్కన రెండంగుళాల కన్నం వేయించి, కంప్యూటర్‌ను, యూపీఎస్‌ను పక్కనున్న వసారాలోకి నెట్టేశాం. యూఎస్‌బీ 2.0 కేబులు ఐదు మీటర్ల దాకా పనిచేస్తుంది. మాకు మూడు చాలింది. ఇంటర్‌ఫేస్‌కు విడిగా ఒక కేబులు, మౌసు, కీబోర్డులకు హబ్‌తో ఇంకొకటి, మానిటర్‌కు పొడుగు హెచ్‌డీఎంఐ. అంతా కలిపి 700. వేలకు వేలు పోసి సైలెంట్ ఫ్యాన్లు కొనే ముందు ఎవరైనా తమ గోడను ఒకసారి చూసుకోవాలి. ఎండాకాలం గొంతు రికార్డింగులు మాత్రం తెల్లవారుజామున ఐదుకే. ఒక పాట చరణంలో చాలా దూరంగా కోడి కూత ఉంది, పల్లె పాట కదా అని ఉంచేశాం.

ఇక హెడ్‌ఫోన్ ఉపాయం. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటుంది, అది నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి పోకుండానే నేరుగా చెవికి వస్తుంది, ఆలస్యం ఉండదు. చవక కంప్యూటర్ ఉన్నవాళ్లకు అది వరం. కానీ అలా వినిపించే గొంతు పొడిగా ఉంటుంది. "ఎకో లేకుంటె నాకు పాడబుద్ధి గాదన్నా" అంది చెల్లె. అందుకని గొంతును డైరెక్ట్‌గానే వినిపించి, రీపర్‌లో దాని అసలు శబ్దాన్ని ఆపేసి, దాని రివర్బ్‌ను మాత్రం, అసలు గొంతు కలవకుండా, హెడ్‌ఫోన్‌లోకి వదిలాను. రివర్బ్ పది పదిహేను మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు, పెద్ద హాలులో ప్రతిధ్వని కూడా అట్లాగే కాస్త ఆగి వస్తుంది. బఫర్ 256లో పెట్టుకుని హాయిగా పాడుతోంది.

డబ్బుల లెక్క

కంప్యూటర్ 22,200. రెండు మైకుల ఇంటర్‌ఫేస్ 14,000. కండెన్సర్ మైకు 8,000. చెవులు మూసే హెడ్‌ఫోన్ 4,500. స్టాండు, కేబులు, పాప్ ఫిల్టర్ 2,500. యూపీఎస్ 3,500. రీపర్ లైసెన్సు ఆనాటి డాలరు లెక్కన 5,200. కూడితే 59,900. మ్యాక్ మినీ ఒక్కదాని ధరకు రూపాయి తేడా లేకుండా సరిపోవడం చూసి నేనే రెండోసారి కూడాను. ఎర్త్ గొయ్యి, గోడ కన్నంతో 63,800 అయింది. పైన పడిన దానిలో ఎర్త్ డబ్బులు నేను మొదటే చెప్పి ఉండాల్సినవి.

ఎక్కడ ఆగిపోయింది

మొదటి పాట 34 ట్రాకులు. మిక్సింగ్‌లో 512 బఫర్‌తో సీపీయూ నలభై శాతం దాటలేదు. వయొలిన్ల లైబ్రరీ తెరిచినప్పుడు ర్యామ్ 11 జీబీ దాకా పోయింది, 16 ఉంది కాబట్టి గండం గడిచింది. రెండు లైబ్రరీలు తెరవాల్సి వస్తే ఒకదాన్ని ఆడియోగా మార్చి ఫ్రీజ్ చేయడం నేర్పాను. మాస్టరింగ్‌కు, అంటే పాటకు చివరి మెరుగు పెట్టడానికి, వాడే ఒక బరువైన లిమిటర్ ప్లగిన్‌ను పెడితే మాత్రం కంప్యూటర్ చేతులెత్తేసింది, దాన్ని చివర్లో ఒక్కసారి పాటను ఒకే ఫైలుగా బయటికి తీసేటప్పుడే ఆన్ చేస్తున్నారు.

అసలు ఓడిపోయింది వీడియో దగ్గర. యూట్యూబ్ అంటే పాటతో పాటు వీడియో కూడా కదా. పొలం గట్ల మీద ఫోనులో 4కేలో తీసిన వీడియోలు ఈ కంప్యూటర్‌లో ఎడిట్ చేయబోతే, ఒక్కో కట్ దగ్గర బొమ్మ ఆగి ఆగి కదిలింది. ముందు చిన్న సైజు ప్రాక్సీ ఫైళ్లు చేసుకుని, వాటితో ఎడిట్ చేసి, చివర్లో అసలువి పెట్టుకోవాల్సి వస్తోంది. పాటకు రెండు గంటల పని పెరిగింది. తర్వాత ఓసారి మాటల్లో తమ్ముడన్నాడు, కొటేషన్ రాసేముందు షాపాయన అడిగిన మొదటి ప్రశ్న "వీడియో కూడా చేస్తరా?" అనేనట. అరగంట పాట గురించి ఆరా తీసిన నేను ఆ ప్రశ్న అడగలేదు. ఎర్ర గీతను పూర్తిగా వెనక్కి తీసుకోను, 2,500లో మైకు, ఇంటర్‌ఫేస్ ఎట్లాగూ రావు. కానీ ఆ గీత పక్కన ఒక మాట రాసి ఉండాల్సింది.

మొన్న సంక్రాంతి తర్వాత వాట్సాప్‌లో ఇంకో లిస్టు వచ్చింది, ఈసారి తమ్ముడి చేతిరాతలో. డప్పు దళం నలుగురినీ ఒకేసారి రికార్డు చేయాలట. నాలుగు మైకుల ఇంటర్‌ఫేస్, రెండు డైనమిక్ మైకులు, నాలుగు కేబుళ్లు, ఇంకో 16 జీబీ ర్యామ్. అన్నిటికంటే కింద, పెన్సిల్‌తో: "చిన్న సైజు గ్రాఫిక్స్ కార్డు మన డబ్బాల పడ్తదా అన్నా?"

పడుతుంది. సన్నవి దొరుకుతాయి. కొలతలు పంపమన్నాను.